నడవలేని వీరుల బరువుల పోటీ: నల్లగొండ, పాలమూరు ఇళ్లకు ఒక కబురు

2016 సెప్టెంబరు 14, బుధవారం. మన ఊళ్లలో బక్రీద్ జరిగిన మరునాడు. ఇక్కడ ఖుర్బానీ మాంసం పంపకాలు ఇంకా సాగుతుండగానే, బ్రెజిల్ దేశంలోని రియో డి జెనీరో నగరంలో ఇరాన్‌కు చెందిన ఒక ముస్లిం యువకుడు బల్ల మీద వెల్లకిలా పడుకొని 310 కిలోల బరువును రొమ్ము మీదికి దించుకొని, తిరిగి చేతుల పొడవునా పైకెత్తి నిలిపారు. ఆయన పేరు సియామంద్ రహ్మాన్. చిన్ననాటి నుంచీ ఆయన కాళ్లలో పట్టులేదు. వికలాంగుల ఒలింపిక్స్‌గా పేరొందిన పారాలింపిక్స్‌లో పురుషుల అత్యధిక బరువు తరగతి పోటీ అది.

310 కిలోలంటే ఎంత బరువో సూర్యాపేట మార్కెట్ యార్డులోనో, జడ్చర్ల పక్కన బాదేపల్లి యార్డులోనో పనిచేసే హమాలీ సోదరులను అడిగితే సరిగ్గా చెబుతారు. 50 కిలోల బియ్యం బస్తాలు ఆరు, పైన మరో పది కిలోలు. హమాలీ ఒక బస్తాను వీపున వేసుకున్నప్పుడు భారంలో ఎక్కువ పాలు నడుముదీ, తొడలదీ, పిక్కలదీ. రహ్మాన్ ఎత్తిన బరువులో కాళ్లకు వాటాయే లేదు. భుజాలు, రొమ్ము, దండచేతులు - మొత్తం వీటిదే.

ఆ రోజు పోటీ నిజానికి ఆయనకు ఆయనతోనే జరిగిందనాలి. 300 ఎత్తారు, 305 ఎత్తారు, ఆ తర్వాత 310. అంతకు ముందున్న ప్రపంచ రికార్డు కూడా ఆయన పేరిటే ఉండేది. రెండో స్థానం పొందిన ఈజిప్టు వీరుడు అమ్ర్ మొసాద్ ఎత్తింది 235 కిలోలు, మూడో స్థానంలో నిలిచిన జోర్డాన్ వీరుడు జమీల్ అల్‌షిబ్లీ 234 కిలోలు. మొదటికీ రెండుకూ మధ్య 75 కిలోల తేడా. రెండుకూ మూడుకూ ఒక్క కిలో! ఇరాన్, ఈజిప్టు, జోర్డాన్ - పతకాల మెట్ల మీద నిలిచిన ముగ్గురూ ముస్లిం దేశాల వారే కావడం గమనార్హం. అంతకు నాలుగేళ్ల ముందు, 2012 లండన్‌లోనూ రహ్మాన్ 280 కిలోలతో బంగారు పతకం గెలిచారు.

రహ్మాన్ ఇరాన్ పశ్చిమ సరిహద్దులోని ఉష్నవియె అనే చిన్న పట్టణానికి చెందిన కుర్దు జాతివారు. 1988 మార్చి 21న పుట్టారు. పెద్ద నగరం కాదు, రాజధాని కాదు. కొండల నడుమ ఉన్న ఊరు. ప్రపంచంలోకెల్లా బలవంతుడైన వికలాంగ క్రీడాకారుడని పత్రికలు ఆయనను కొనియాడాయి. 2020 మార్చి 1న, ముప్ఫై రెండేళ్లు కూడా నిండకుండానే, గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆ తర్వాత టోక్యో పోటీల్లో ఇదే తరగతిలో జమీల్ అల్‌షిబ్లీ 241 కిలోలతో బంగారు పతకం అందుకున్నారు. 2024 పారిస్‌లో అది మళ్లీ ఇరాన్‌కే దక్కింది. అహ్మద్ అమీన్‌జాదె 263 కిలోలెత్తారు. అంటే ఎనిమిదేళ్ల తర్వాత కూడా పారాలింపిక్ వేదిక మీద రహ్మాన్ అంకెకు దరిదాపుల్లోకి ఎవరూ రాలేదన్నమాట.

ఎక్కడి ఇరాన్, ఎక్కడి రియో, మన జుమా పేజీకి వీటితో ఏం పని అని పాఠక సోదరులకు అనిపించవచ్చు. పని ఉంది. ముందు ఆ పోటీ ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పుకుంటే ఆ పని ఏమిటో దానంతటదే తెలుస్తుంది.

బల్ల, కడ్డీ, ముగ్గురు న్యాయనిర్ణేతలు

కాళ్లున్న వారి పవర్ లిఫ్టింగ్‌లో మూడు రకాలుంటాయి. కడ్డీని భుజాల మీద పెట్టుకొని గుంజీలు తీసినట్టు కూర్చొని లేవడం ఒకటి, పడుకొని రొమ్ము మీద నుంచి ఎత్తడం ఒకటి, నేల మీది బరువును నడుము దాకా లేపడం మరొకటి. వికలాంగుల పోటీలో నడిమిది ఒక్కటే ఉంటుంది. దానినే జిమ్ముల్లో మన కుర్రాళ్లు బెంచ్ ప్రెస్ అంటారు. కాళ్లు కింద ఆనించే పని లేదు గనుక బల్లను పొడవుగా, 2 మీటర్లకు పైగా చేస్తారు. మనిషి మొత్తంగా దాని మీదే పడుకుంటాడు. కాళ్లు జారకుండా పట్టీలతో కట్టుకోవచ్చు.

ఎత్తడంలో కిటుకంతా ఆగడంలో ఉంది. కడ్డీని నెమ్మదిగా రొమ్ము మీదికి దించాలి. అక్కడ కదలకుండా ఒక్క లిప్త ఆపాలి. ఎగదన్నే వీలు లేదు. ఆ పైన రెండు చేతులూ ఒకే ఎత్తున, ఒకే వేగంతో లేచి మోచేతులు పూర్తిగా చాపుకోవాలి. ఒక చేయి ముందు, ఒక చేయి వెనక అయినా ఎర్రదీపమే. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తేనే ఎత్తినట్టు లెక్క. ఒక్కొక్కరికీ మూడు అవకాశాలుంటాయి. రికార్డు కోసమైతే నాలుగోది అడగవచ్చు. కానీ అది పోటీ లెక్కలోకి రాదు.

1964లో టోక్యో పారాలింపిక్స్‌లో వెన్నెముక దెబ్బతిన్న వారి కోసం బరువులెత్తే పోటీ తొలిసారి పెట్టారు. 1984లో పవర్ లిఫ్టింగ్ వచ్చింది. 2000లో సిడ్నీలో మహిళలకూ తలుపులు తెరుచుకున్నాయి. పారిస్‌లో పురుషులకు 49 కిలోల తరగతి మొదలు 107 కిలోలకు పైబడిన తరగతి దాకా పది తరగతులుండగా, మహిళలకూ పదే ఉన్నాయి. పైబడిన తరగతికి హద్దు లేదు, మనిషి ఎంత బరువున్నా సరే. రహ్మాన్ పోటీపడింది అందులోనే.

కామన్వెల్త్ పోటీల్లో మాత్రం ఇన్ని తరగతులు లేవు. తేలికవారు, బరువువారు అని రెండే. బరువు తరగతిలో 75 కిలోల మనిషీ, 120 కిలోల మనిషీ ఒకే బల్ల దగ్గరికి వస్తారు గనుక, ఎత్తిన బరువును శరీర బరువుతో పోల్చి పాయింట్లు కడతారు. 2022 ఆగస్టు 4న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఈ బరువు తరగతిలో బంగారు పతకం మన దేశానికి వచ్చింది. హర్యానాలోని సోనీపత్ ప్రాంతపు సుధీర్ 212 కిలోలెత్తి 134.5 పాయింట్లు సంపాదించారు. కామన్వెల్త్ పోటీలకు అది కొత్త రికార్డు. ఈ క్రీడలో మన దేశానికి కామన్వెల్త్‌లో తొలి బంగారం కూడా అదే. నైజీరియాకు చెందిన క్రిస్టియన్ ఒబిచుక్వు 197 కిలోలతో రెండో స్థానంలోను, స్కాట్లాండ్‌కు చెందిన మిక్కీ యూల్ 192 కిలోలతో మూడో స్థానంలోను నిలిచారు. సుధీర్ కాళ్లను చిన్నప్పుడు పోలియో తీసుకుంది. మిక్కీ యూల్ బ్రిటిష్ సైనికుడు. 2010లో అఫ్ఘానిస్తాన్‌లో బాంబు పేలి రెండు కాళ్లూ పోగొట్టుకున్నారు. కాళ్లు ఎలా పోయాయన్నది ఆ బల్ల అడగదు.

అంతకు ముందు 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో ఇదే తరగతిలో మన సచిన్ చౌదరి కంచు పతకం తెచ్చారు. 2014 గ్లాస్గోలో రాజిందర్ సింగ్ రహేలు వెండి పతకం తెచ్చారు. ఈ రహేలు 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో 56 కిలోల తరగతిలో 157.5 కిలోలెత్తి కంచు పతకం గెలిచారు. పారాలింపిక్స్ పవర్ లిఫ్టింగ్‌లో భారతదేశానికి పారిస్ దాకా దక్కిన పతకం అదొక్కటే. నూట నలభై కోట్ల జనాభాలో ఒక్కటి!

మనవారూ ఉన్నారు

మన పొరుగు రాష్ట్ర రాజధాని బెంగళూరుకు చెందిన ఫర్మాన్ బాషా పేరు మన ఇళ్లలో ఎందరికి తెలుసు? పసితనంలోనే పోలియో సోకింది. 49 కిలోల తరగతిలో 2016 రియోలో నాలుగో స్థానం సాధించారు. పతకానికి ఒక్క మెట్టు కింద. 2008లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆయన దగ్గర శిక్షణ పొందిన బెంగాల్ అమ్మాయి సకీనా ఖాతూన్ 2014 గ్లాస్గోలో కంచు పతకం గెలిచారు. ఆమెదీ పోలియో కథే. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో 61 కిలోల తరగతిలో జైనబ్ ఖాతూన్ వెండి పతకం తెచ్చారు. మన తెలుగు నేల మీద ఆరోగ్యవంతుల పవర్ లిఫ్టింగ్‌లో మంగళగిరి అమ్మాయి షేక్ సాదియా అల్మాస్ 2021లో ఇస్తాంబుల్‌లో ఆసియా స్థాయి బంగారు పతకం అందుకుంది.

వికలాంగుల బరువుల పోటీలో అంతర్జాతీయ వేదిక ఎక్కిన నల్లగొండ, పాలమూరు ముస్లిం కుర్రాడి పేరు ఒక్కటైనా ఇక్కడ రాయగలిగితే మేమెంతో సంతోషించేవాళ్లం.

బలం మన ప్రాంతానికి కొత్త కాదు. చావడి ముందు గుండురాయి ఎత్తే పందేలు, ఉర్సుల్లో, జాతరల్లో కుస్తీలు చూసిన పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. హైదరాబాదు తాలీంఖానాల మట్టి గురించి, బార్కస్ పహిల్వాన్ల గురించి తాతలు చెప్పే కథలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. కానీ ఆ కథల్లో బలవంతుడంటే రెండు కాళ్ల మీద నిలబడ్డ మనిషే. మన గల్లీలో కాలు పడిపోయిన కుర్రాడి చోటు ఇంటి అరుగు మీద. తండ్రి లేని బీదవాడైతే జుమా నమాజు వేళ మసీదు మెట్ల కింద, ముందు పరిచిన రుమాలు దగ్గర. అక్కడ రెండు రూపాయలో ఐదు రూపాయలో వేసి మనం లోపలికి వెళ్లిపోతాం. సదఖా ఇవ్వడం పుణ్యకార్యమే, అందులో సందేహం లేదు. అయితే ఆ కుర్రాడి చేతులను మనలో ఎవరైనా ఒక్కసారి పరీక్షగా చూశారా? ఏళ్ల తరబడి నేల మీద చేతులతో దేకుతూ, మూడు చక్రాల బండిని చేతులతోనే తిప్పుతూ తిరిగిన మనిషి భుజాలవి. వ్యాయామశాలకు డబ్బు కట్టి వెళ్లే కుర్రాళ్లకు నెలల తరబడి శ్రమిస్తే గాని రాని గట్టిదనం అతనికి బతుకు బాటలోనే వచ్చింది.

సన్నని పిక్కలు, ఉహద్ కొండ

ప్రవక్త ముహమ్మద్ (స) అనుచరుల్లో హజ్రత్ అబ్దుల్లా బిన్ మసూద్ (రజి) చాలా సన్నగా, పొట్టిగా ఉండేవారు. ఒకసారి ఆయన మిస్వాక్ కోసం చెట్టెక్కగా గాలికి బట్ట తొలగి పిక్కలు కనిపించాయి. పుల్లల్లాంటి ఆ కాళ్లను చూసి కొందరు నవ్వారు. ప్రళయదినాన త్రాసులో ఆ పిక్కలు ఉహద్ కొండకన్నా ఎక్కువ బరువు తూగుతాయని దైవప్రవక్త (స) వారితో అన్నారని హదీసు గ్రంథాల్లో ఉంది. కాళ్ల సన్నదనం చూసి మనిషిని తూచకూడదన్న ఈ సంగతి మనకు తెలియనిది కాదు. పెళ్లి సంబంధాల వేళ, బడిలో చేర్చే వేళ, దుకాణంలో పనికి పెట్టుకునే వేళ మాత్రం మరచిపోతుంటాం.

అంధులైన అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయమూ అంతే. ఆయన నిమిత్తంగానే అబస సూరా అవతరించింది. ఆయన అజాన్ ఇచ్చేవారు. దైవప్రవక్త (స) యాత్రలకు బయలుదేరినప్పుడు మదీనా నగర బాధ్యతలను పలుమార్లు ఆయనకు అప్పగించి వెళ్లారు. కళ్లు లేనివాడికి ఊరి బాధ్యత ఏమిటని అప్పుడెవరూ అడగలేదు.

అన్నిటికన్నా మమ్మల్ని ఆలోచింపజేసేది హజ్రత్ అమ్ర్ బిన్ జమూహ్ (రజి) ఉదంతం. ఆయన ఒక కాలు కుంటి. ఉహద్ యుద్ధానికి బయలుదేరబోతే సింహాల్లాంటి కొడుకులు అడ్డుపడ్డారు. అబ్బా, మీకు మినహాయింపు ఉంది, మేం వెళుతున్నాం కదా అన్నారు. ఆయన నేరుగా ప్రవక్త (స) వద్దకు వెళ్లి మొరపెట్టుకున్నారు. నీకు ఇది విధి కాదని చెబుతూనే, ఆయనను ఆపవద్దని ప్రవక్త (స) కొడుకులకు సూచించారు. ఆయన ఆ యుద్ధంలోనే షహీద్ అయ్యారు. ఇక్కడ గమనించవలసింది కొడుకుల మనసు. వారు తండ్రిని చులకన చేయలేదు, ప్రేమతోనే ఆపారు. మన ఇళ్లలోనూ వికలాంగ బిడ్డను కట్టిపడేస్తున్నది చాలాసార్లు ప్రేమే. పడిపోతాడేమోనని బడికి పంపరు. ఎవరైనా నవ్వుతారేమోనని పెళ్లికి తీసుకుపోరు. అమ్మీ కంచం మంచం దగ్గరికే తెస్తుంది. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆ కుర్రాడికి ఇల్లే లోకమైపోతుంది. తల్లిదండ్రుల తర్వాత అతని గతి ఏమిటన్న బెంగ ఒక్కటే ఆ ఇంట్లో మిగులుతుంది. తండ్రి రోజుకూలీ అయితే ఆ బెంగ ఇంకా బరువు.

నల్లగొండ నీళ్లు, చాచలేని మోచేతులు

ఇప్పుడు మన జిల్లాల ప్రత్యేక బాధ దగ్గరికి వద్దాం. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలు 2016 అక్టోబరు నుంచి అనేక ముక్కలైనా, కింద ఉన్న రాయి మాత్రం ఒకటే. నల్లరాతి పీఠభూమి. ఆ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. చెరువులు ఎండి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ గొంతులోకి దిగే విషం పెరిగింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదంటే, మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం, చండూరు వైపు పల్లెల్లో దానికి ఎన్నో రెట్లు తాగారు. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు గాని, పేరు మాత్రం నల్లగొండకు అంటుకుంది. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతిని 1970లలో నాగపూర్ నీరి సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాల్లో నీటి ఇంజనీర్లకు మన ఊరి పేరు అలా తెలుసు. అదేం కీర్తో!

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది బరిలో నిలిచి, ఓటు కాగితాన్ని పుస్తకంగా మార్చేసింది ఈ నీళ్ల గోడు వినిపించడానికే. బాధితుల గొంతుగా నిలిచిన శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. కృష్ణా నీళ్లు, 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ గొట్టాలు చేరిన తర్వాత కొత్తగా వంకర్లు తిరిగే పిల్లల సంఖ్య తగ్గింది. ఒకసారి ఎముకలో చేరినదాన్ని మాత్రం వెనక్కి తీసే మందు లేదు.

ఈ చోటే పవర్ లిఫ్టింగ్ నియమం ఒకటి మన జిల్లా బిడ్డల మెడ మీద కత్తిలా వేలాడుతుంది. కాలు లేకపోయినా ఫరవాలేదు, పొట్టితనం ఉన్నా ఫరవాలేదు, కండరాలు బిగుసుకుపోయే జబ్బున్నా ఫరవాలేదు. మోచేతులు మాత్రం దాదాపు పూర్తిగా చాపాలి. ఏ మోచేయి అయినా 20 డిగ్రీలకన్నా ఎక్కువ వంకర మిగిలిపోతే పోటీకి అనుమతించరు. పోలియో కాళ్లను తీసుకున్నా చాలామందికి చేతులను వదిలేస్తుంది. ఫ్లోరోసిస్ అలా కాదు. కీళ్లన్నిటినీ బిగిస్తుంది. మెడ తిరగదు, నడుము వంగదు, మోచేయి చాచుకోదు. ఎముక పైకి దట్టంగా కనిపిస్తుంది గాని పెళుసు. చిన్న దెబ్బకే విరుగుతుంది. కాబట్టి ఫ్లోరోసిస్ బాగా ముదిరినవారికి ఈ బల్ల దారి చూపదు. వారిని బరువుల దగ్గరికి తోలడం ప్రమాదం కూడా. ఈ సంగతి దాచి, అందరూ రహ్మాన్‌లు కావచ్చని రాయడం అన్యాయమని మా అభిప్రాయం. కాళ్లకే పరిమితమై, చేతులు చాచుకునే వారి మాట వేరు. వారు కూడా ఎముకల వైద్యుడు సరేనన్నాకే కడ్డీ పట్టుకోవాలి.

మిషన్ భగీరథ నల్లా ఉన్నా దాని నీళ్లు చప్పగా ఉన్నాయని, పాత బోరు నీళ్లే రుచిగా ఉన్నాయని బిందె పట్టుకొని అటు నడిచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇంట్లో పాలు తాగే పిల్లలున్న తల్లులు ఈ ఒక్క రుచిని వదులుకోవాలని మనవి.

పోలియో గురించి కూడా రెండు మాటలు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువీకరణ దక్కింది. ఆ చుక్కల మీద ఒకప్పుడు మన వర్గంలో, ముఖ్యంగా ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో, పిల్లలు పుట్టకుండా పోతారన్న వదంతి పాకింది. ఉలమాలే ముందుకొచ్చి, మసీదు మైకుల్లో చెప్పించి దాన్ని పోగొట్టారు. ఇప్పటికీ పోలియో వదలనివిగా ప్రపంచంలో మిగిలినవి పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్. రెండూ ముస్లిం దేశాలే. ఈ మాట రాస్తుంటే మాకు సిగ్గుగా ఉంది. చుక్కల ఆదివారం మన గల్లీలో ఒక్క ఇల్లు కూడా తలుపు మూయకూడదు.

బల్ల దగ్గరికి చేరేదెలా?

పోలియో పోయినా వికలాంగులు లేకుండా పోలేదు. హైదరాబాదు, ముంబై, పుణెల్లో ఇళ్లు కట్టే పాలమూరు కూలీ సారువ కర్రల మీద నుంచి పడి వెన్నుపూస విరిగి ఇంటికి వస్తాడు. బెంగళూరు రహదారి మీద, విజయవాడ రహదారి మీద ప్రమాదాల్లో మోటారు సైకిలు కుర్రాళ్లకు కాళ్లు పోతాయి. మధుమేహంతో కాలు తీయించుకున్నవారు సరేసరి. నడుము కింద ఊపిరి లేకపోయినా పైన పాతికేళ్ల వయసు, భుజబలం అలాగే ఉన్నవారు వీరు. క్రీడ వారికి పతకం తెస్తుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు, ఈ వారం ఇంకో రెండున్నర కిలోలన్న పట్టుదల, నలుగురు స్నేహితులు - ఇవి మాత్రం తప్పక తెస్తుంది.

మొదట కావలసింది వికలాంగ ధ్రువపత్రం. సదరం శిబిరంలో వైద్యులు పరీక్షించి వైకల్య శాతం నిర్ణయిస్తారు. 40 శాతం, ఆ పైన ఉంటే పింఛను, రిజర్వేషను వంటి సౌకర్యాలకు అర్హత వస్తుంది. తెలంగాణలో వికలాంగుల పింఛనును 2023లో 4,016 రూపాయలకు పెంచారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం కోటా ఉంది. క్రీడల్లో రాణించినవారికి రైల్వే వంటి సంస్థల్లోనూ, రాష్ట్ర ప్రభుత్వాల్లోనూ ఉద్యోగాలు దొరికిన సందర్భాలున్నాయి. ఆ ధ్రువపత్రం లేని ముస్లిం ఇళ్లు మన పాతబస్తీల్లో ఇప్పటికీ తక్కువేం కాదు. శిబిరం ఏ రోజో తెలియకపోవడం, తెలిసినా ఆ రోజు కూలీ పోతుందని వెళ్లకపోవడం ఇందుకు కారణాలు. మసీదు కమిటీ ఒక ఆటో మాట్లాడి మహల్లాలోని అర్హులందరినీ ఒకేసారి శిబిరానికి తీసుకువెళితే సగం పని అయినట్టే.

సాధనకు పెద్ద భవనం అక్కరలేదు. దృఢమైన పొడవాటి బల్ల, కడ్డీ నిలిపే రెండు కొయ్యలు, కడ్డీ, ఇనుప పళ్లేలు, పక్కన నిలబడి పట్టుకునేవారు ఇద్దరు. ఈ చివరిది మాత్రం తప్పనిసరి. ఒంటరిగా పడుకొని ఎత్తితే కడ్డీ మెడ మీద పడి ప్రాణం పోగలదు. మన పట్టణాల్లో ఇప్పుడు గల్లీకొక జిమ్ము వెలిసింది, వాటిలో మనవాళ్లు నడిపేవీ ఉన్నాయి. అయితే అవి చాలావరకు మొదటి అంతస్తులో, నిటారు మెట్ల పైన ఉంటాయి. కింది అంతస్తులో ఒక బల్ల వేసి, వారంలో మూడు పొద్దులు వికలాంగ కుర్రాళ్లకు ఉచితంగా విడిచిపెట్టే యజమాని ఒక్కడు దొరికినా చాలు. పనిలో పనిగా మన మసీదుల వజూఖానా మెట్లనూ ఒకసారి చూడండి. చక్రాల కుర్చీ ఎక్కే వాలు బాట వేయడానికి ఎన్ని బస్తాల సిమెంటు కావాలి? గుంబదుకు మళ్లీ మళ్లీ రంగు వేయించే చందాలో పదో వంతు చాలదా?

ఒక హెచ్చరిక కూడా. జిమ్ముల్లో డబ్బాలుగా, సూదులుగా అమ్మే బలం మందుల జోలికి వెళ్లవద్దు. కండ పెంచే సూదులు గుండెనూ కాలేయాన్నీ తినేస్తాయి. పోటీలో పట్టుబడితే ఏళ్ల తరబడి నిషేధం. గుడ్లు, పప్పు, పాలు, వేరుశనగ, వారానికోసారి మాంసం - మన ఇంటి వంటే మొదటి రెండేళ్లకు చాలు. రంజాన్ మాసంలో సాధనను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకొని, బరువు తగ్గించుకోవాలి.

జిల్లా దాటాక రాష్ట్ర స్థాయి ఎంపికలు, ఆపైన భారత పారాలింపిక్ కమిటీ ఆధ్వర్యంలో జాతీయ పోటీలు ఉంటాయి. జాతీయ జట్టు శిబిరాలు గుజరాత్‌లోని గాంధీనగర్ సాయ్ కేంద్రంలో జరుగుతుంటాయి. 2026 గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో ఖర్చు తగ్గించేందుకు క్రీడలను పదికి కుదించి హాకీ, కుస్తీ, బ్యాడ్మింటన్‌లను సైతం తీసేసినా, వికలాంగుల పవర్ లిఫ్టింగ్‌ను మాత్రం ఉంచారు.

ఇంట్లో అలాంటి కుర్రాడుంటే ఈ జుమా నమాజు అయ్యాక ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టి, రెండు చేతులూ భుజాల ఎత్తున ముందుకు చాపమనండి. మోచేతులు తిన్నగా వచ్చాయా, ఎక్కడైనా వంకర ఆగిందా, నొప్పి అంటున్నాడా? తిన్నగా వస్తే పెద్ద దవాఖానాలో ఎముకల డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత జిల్లా క్రీడాధికారి కార్యాలయానికి. రాకపోతే ముందు ఇంట్లో తాగే నీళ్లను సీసాలో పట్టి పరీక్షకు పంపండి.